కొన్న వస్తువు, అమ్మిన మాట



మనింట్లో వంటకు కుండ కొన్నప్పుడు మన అమ్మమ్మలు ఏం చేసేవారో మీకు గుర్తుందా? కుండను ఎడమ చేతిలో పట్టుకొని కుడిచేతి వేళ్ళ కణుపులతో కొట్టి చూసేవారు. ఖంగుమంటే మంచిది, బొద్దుగా మోగితే ఎక్కడో నెర్రె ఉన్నట్టు లెక్క. బర్రెను కొనాలంటే ఇంటికి తోలుకొచ్చి రెండు పూటలు పాలు పితికి చూసేవారు. కళ్ళతో, చేతులతో, ముక్కుతో పరీక్ష చేశాకే పైసలు కట్టేవారు. అమ్మేవాడు కూడా అందుకు ఒప్పుకునేవాడు.

మరి ఫ్రిజ్జునెట్లా కొట్టి చూస్తాం? దాని గుండె వెనక అడుగున నల్లటి ఇనపడబ్బాలో మూసిపెట్టి ఉంటుంది. దుకాణంలో తలుపు తీసి దీపం వెలిగిందా లేదా అని చూడటం తప్ప మనకు చేతనయ్యేదేమీ లేదు. అక్కడ మనం కొనేది వస్తువును ఒక్కదాన్నే కాదు, అమ్మినవారి మాటను కూడా. వస్తువు మాటిమాటికీ ఆగిపోతుంటే ఆ మాట ఏమైనట్టు? ఆ మాటను నిలబెట్టించే హక్కు మనకెప్పటి నుంచి ఉంది? ఎవరు తెచ్చారు? ఇవాళ మీతో చెప్పదలచుకున్నది ఆ చరిత్రే. నేను పదో తరగతితో చదువు ఆపినదాన్ని, లాయరును కాను. నా ఇంట్లోకి ఒక ఆగిపోయే ఫ్రిజ్జు వచ్చింది కనుక ఇదంతా చదవవలసి వచ్చింది.

2023లో ఉగాదికి ముందు మేము హనుమకొండలో ఒక దుకాణంలో ఫ్రిజ్జు కొన్నాం. మా ములుగు నుంచి హనుమకొండ సుమారు 50 కిలోమీటర్లు. అది మాకు చల్లనీళ్ళ సరదా కోసం కాదు. మా అత్తమ్మకు చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిన్ సూదులు. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మా వైపు వేసవి ఎట్లా ఉంటుందో మీకు తెలియనిది కాదు.

దుకాణదారు మంచిగానే మాట్లాడాడు. "అక్కా, పక్కా బిల్లు కావాల్నంటే రెండువేలు ఎక్కువైతయి. మన దగ్గర చీటీ రాసిస్త, అదే చాలు. ఏం భయం లేదు, నేను లేనా?" అన్నాడు. రెండువేలంటే మాకు ఒక నెల పాలఖర్చు. మావారు నా ముఖం చూశారు. నేను తలూపాను. ఆ తలూపడమే నా తప్పు. దాని సంగతి చివర్లో చెప్తాను.

మే నెలలో ఫ్రిజ్జు మొదటిసారి ఆగింది. కంపెనీ మెకానిక్ వచ్చి రిలే మార్చాడు. ఆగస్టులో చల్లదనం తగ్గింది, గ్యాసు నింపి పోయాడు. నవంబరులో మళ్ళీ అదే, మళ్ళీ గ్యాసే. 2024 ఫిబ్రవరిలో నాలుగోసారి ఆగింది. అది మేడారం జాతర వారం. ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జాతర. ములుగు రోడ్డంతా బండ్లే, ఇంటినిండా చుట్టాలే. మెకానిక్‌కు ఫోను చేస్తే "జాతర అయినంక చూద్దాం మేడం" అన్నాడు. చుట్టాల సందడిలో రాత్రంతా ఫ్రిజ్జు ఆగి ఉన్న సంగతి నేను పొద్దున గానీ చూసుకోలేదు. లోపల నెలకు సరిపడా ఇన్సులిన్ సీసాలున్నాయి. మందుల దుకాణం అబ్బాయిని అడిగితే, వాటిని నమ్ముకోవద్దన్నాడు. కొత్త సీసాలు తెచ్చి, మట్టికుండ చుట్టూ తడిగుడ్డ కట్టి అందులో పెట్టుకున్నాం. "నా కాలంల కుండనే ఫ్రిజ్జు బిడ్డా" అని అత్తమ్మ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ జాతరలోనే మా చుట్టాలు మొక్కు చెల్లించుకున్నారు. మేడారంలో బెల్లాన్ని బంగారమంటారు, మీకు తెలుసు. మనిషిని త్రాసులో కూర్చోబెట్టి నిలువెత్తు బంగారం తూస్తుంటే నేను ఆ ముల్లు వైపే చూస్తూ నిలబడ్డాను. అమ్మవార్లకిచ్చే బెల్లంలో తూకం తప్పకూడదని ఎంత పట్టింపు! దుకాణంలో ఇచ్చిపుచ్చుకునే చోట ఆ పట్టింపు ఎక్కడికి పోయిందా అనిపించింది. పూర్వమైనా ఉండేదా?

ఉండేది సోదరీమణులారా. మనం అనుకునేదానికన్నా పూర్వమే ఉండేది.

మా ములుగు దగ్గర పాలంపేటలో రామప్ప గుడి ఉంది కదా. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినది, 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. ఆ గణపతిదేవుడే 1244–45లో సముద్రపు ఒడ్డున మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. దాన్ని అభయశాసనమంటారు. అంతకుముందు కొందరు రాజులు, తుఫానుకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరకంతా లాక్కునేవారట. వర్తకులు ప్రాణాలకు తెగించి తెచ్చిన సొత్తు అది, మేము నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోము అని గణపతిదేవుడు రాతిమీద చెక్కించి మాటిచ్చాడు. ఇది అమ్మేవారికిచ్చిన అభయం, కొనేవారికి కాదు, నిజమే. కానీ వ్యాపారమంటే నోటిమాట చాలదు, మాటను నలుగురూ చదవగలిగేట్టు రాసిపెట్టాలి అన్న తెలివి అందులో ఉంది. రాతిమీద రాసిన మాటను కాదనడం కష్టం. నాకు తెల్లచీటీ ఇచ్చినవారు ఏ మాటనూ రాయలేదని అప్పుడు తెలిసొచ్చింది.

ఇక కొనేవారి సంగతి. మన ధర్మశాస్త్రాల్లో 'కొని పశ్చాత్తాపపడటం', 'అమ్మి పశ్చాత్తాపపడటం' అన్నవి వ్యవహారాల కింద, అంటే నేటి మాటలో వ్యాజ్యాల కింద లెక్క. కౌటిల్యుని అర్థశాస్త్రం బేరం వెనక్కు తీసుకోవడానికి గడువులు పెట్టింది. వర్తకుల మధ్య ఒక రాత్రి, సేద్యగాళ్ళకు మూడు రాత్రులు, పశువుల కాపరులకు అయిదు రాత్రులు. మనుస్మృతి పది రోజులిచ్చింది. నారదస్మృతి లెక్క ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. కొన్ననాడే చెడగొట్టకుండా తిరిగిస్తే పూర్తి వెల, రెండోనాడు ఇస్తే వెలలో ముప్ఫయ్యో వంతు తగ్గింపు, మూడోనాడు అంతకు రెట్టింపు. ఇవాళ్టి దుకాణాల్లో 'అమ్మిన వస్తువు తిరిగి తీసుకోబడదు' అని గోడకు బోర్డు తగిలించేవారికి ఈ శ్లోకాలు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

యాజ్ఞవల్క్య స్మృతిలో ఒక జాబితా ఉంది. ఏ వస్తువును ఎన్నాళ్ళు పరీక్షించి చూసుకోవచ్చో అది చెబుతుంది. ఇనుముకు ఒక రోజు. పాడిపశువుకు మూడు రోజులు. బండిలాగే, బరువు మోసే పశువుకు అయిదు రోజులు. రత్నాలకు ఏడు రోజులు. విత్తనాలకు పది రోజులు. ఎంత చక్కని ఆలోచనో చూడండి. ఇనుము మంచిదో కాదో ఒక రోజులో తేలుతుంది, విత్తనం మొలకెత్తడానికి పది రోజులు పడుతుంది. వస్తువు గుణం బయటపడటానికి ఎంతకాలం కావాలో అంతకాలం కొన్నవారికి హక్కు ఉండాలి. మా ఫ్రిజ్జుకు ఇవాళ కంపెనీ ఇచ్చే ఏడాది గ్యారంటీ వెనక ఉన్న ఆలోచన సరిగ్గా ఇదే.

ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. దాన్ని ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో, అంటే రామప్ప గుడి కట్టిన శతాబ్దంలోనే, కేతన కవి తెలుగులో విజ్ఞానేశ్వరీయమనే న్యాయగ్రంథం రాశాడు. తిక్కనగారికి దశకుమారచరిత్రం అంకితమిచ్చిన కేతనే ఈయన. న్యాయశాస్త్రం తెలుగులో ఉండాలని ఏడువందల ఏళ్ళ కిందటే ఒక తెలుగుకవికి తోచిందన్నమాట.

అయితే ఆ జాబితా అక్కడితో ఆగలేదు. అది చదివినప్పుడు నా మనసు చివుక్కుమంది. పశువుల పక్కన, రత్నాల పక్కన మనుషులు కూడా ఉన్నారు. కొన్న దాసుణ్ణి పరీక్షించడానికి పదిహేను రోజులు. దాసిని పరీక్షించడానికి ఒక నెల. ఆడమనిషి అక్కడ కొనేవారి వరుసలో లేదు, కొనే వస్తువుల వరుసలో ఉంది. పాతకాలపు న్యాయాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ ముక్క దాచిపెట్టి మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు. ఈ సంగతి మీరూ గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

తరవాత ఇంగ్లీషువారి కాలం వచ్చింది. వారి న్యాయంలో ఒక పాత సూత్రం ఉండేది. కొనేవాడే జాగ్రత్తపడాలి, కళ్ళు తెరిచి చూసుకోవలసిన బాధ్యత వాడిదే అని. 1930లో సరకుల అమ్మకం చట్టం వచ్చింది. అది ఆ సూత్రాన్ని ఉంచుతూనే కొన్ని మినహాయింపులిచ్చింది. పేరు చెప్పి, రకం చెప్పి ఆ సరకు వ్యాపారి దగ్గర కొంటే అది అమ్మకానికి తగిన నాణ్యతలో ఉండాలి. చూసి కొన్నా సరే, చూస్తే కనబడని లోపాలకు అమ్మినవాడే బాధ్యుడు. కాగితం మీద ఇది మంచిదే. నిజాం ఏలుబడిలో మన ప్రాంతానికి చట్టాలు వేరుగా ఉండేవి, 1948లో హైదరాబాదు రాష్ట్రం భారతదేశంలో కలిశాక దేశమంతటి చట్టాలు మెల్లగా మనకూ వర్తించాయి. కానీ ఒక ఇస్త్రీపెట్టె కాలిపోయిందని ఏ ఇల్లాలు సివిల్ కోర్టుకు పోగలదు? కోర్టు స్టాంపులు, వకీలు ఫీజు, వాయిదాలు. ఇస్త్రీపెట్టె వెలకు పదింతలవుతుంది. అంచేత హక్కు చట్టంలో ఉండిపోయింది, కాలిన పెట్టె అటక మీద ఉండిపోయింది.

ఈలోగా ఇళ్ళల్లోకి కరెంటు యంత్రాలు వచ్చాయి. హైదరాబాదులో 1942లో ఆల్విన్ కర్మాగారం మొదలైంది. బస్సుల బాడీలు, బీరువాలు, తరవాత ఫ్రిజ్జులు అక్కడ తయారయ్యేవి. మా అమ్మ తరానికి ఫ్రిజ్జంటే ఆల్విన్ ఫ్రిజ్జే. ఆ సంస్థ ఇప్పుడు లేదు, కానీ ఆ పేరు చెబితే పెద్దవాళ్ళ కళ్ళల్లో వెలుగు వస్తుంది. 1947లో భారత ప్రమాణాల సంస్థ ఏర్పడింది, దానితోనే మనం వస్తువు మీద వెతుక్కునే ఐ.ఎస్.ఐ. ముద్ర వచ్చింది. ఆ సంస్థ 1987లో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్‌గా మారింది, ముద్ర మాత్రం పాత పేరుతోనే ఉంది.

ఆ రోజుల్లో పాడైన వస్తువు వల్ల ఒక మంచి కూడా జరిగింది. బొంబాయిలో మాధురీ మాథుర్ గారనే ఇల్లాలి దగ్గర జర్మనీ మిక్సీ ఉండేది. మన పప్పులు, మసాలాలు రుబ్బలేక దాని మోటారు కాలిపోయింది. ఇక్కడ బాగుచేసే దిక్కు లేదు. ఆవిడ భర్త సత్యప్రకాశ్ మాథుర్ గారు ఇంజినీరు. మన ఇడ్లీపిండికి, మన ఎండుమిర్చికి తట్టుకునే మిక్సీ తయారు చేస్తానని ఆయన పూనుకున్నారు. సుమీత్ మిక్సీ అట్లా పుట్టింది. 1963లో కంపెనీ పెట్టారు. యంత్రం పాడైతే ఇల్లాలికి కలిగే కష్టం ఎంత నిజమైనదో చూడండి, ఒక పరిశ్రమే పుట్టింది! కానీ ఇంటింటా ఇంజినీరు భర్త ఉండడు గదా. మిగిలినవారికి చట్టమే దిక్కు.

1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ తమ కాంగ్రెసుకు ఒక సందేశం పంపాడు. కొనుగోలుదారులకు నాలుగు హక్కులున్నాయన్నాడు. భద్రంగా ఉండే హక్కు, సమాచారం తెలుసుకునే హక్కు, ఎంచుకునే హక్కు, తమ మాట వినిపించే హక్కు. అందుకే ప్రపంచమంతా మార్చి 15ను వినియోగదారుల హక్కుల దినంగా జరుపుకుంటుంది.

మన దేశంలో 1966లో బొంబాయిలో తొమ్మిదిమంది మహిళలు కలిసి కన్స్యూమర్ గైడెన్స్ సొసైటీ ఆఫ్ ఇండియా అని ఒక సంఘం పెట్టారు. వాళ్ళు కల్తీ సరకులను పరీక్షించారు, ఫిర్యాదులు తీసుకున్నారు, 'కీమత్' అనే పత్రిక నడిపారు. కొనుగోలుదారులకు వేరే న్యాయస్థానాలు కావాలని అడిగినవారిలో వీరు ముందువరుసలో ఉన్నారు. తరవాత 1978లో అహమ్మదాబాదులో కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రిసెర్చ్ సెంటర్ వచ్చింది. 1985లో ఐక్యరాజ్యసమితి వినియోగదారుల రక్షణకు మార్గదర్శక సూత్రాలు ఆమోదించింది. ఆ మరుసటి ఏడు, 1986 డిసెంబరు 24న, మన వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. ఆ రోజునే జాతీయ వినియోగదారుల దినం చేసుకుంటున్నాం.

ఆ చట్టం ఏం చేసిందంటే, జిల్లాకొక ఫోరం పెట్టమంది. లక్ష రూపాయల లోపు గొడవలు అక్కడ. కోర్టు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, తెల్లకాగితం మీద మనమే రాసుకొని పోవచ్చు. ఫోరంలో ముగ్గురు కూర్చునేవారు. ఒకరు జిల్లా జడ్జి స్థాయివారు. ఇంకొకరు చదువులోనో వర్తకవ్యవహారాల్లోనో పేరున్నవారు. మూడో వ్యక్తి ఎవరో తెలుసా? సంఘసేవ చేసే ఒక మహిళ అయి ఉండాలని చట్టంలోనే రాశారు.

నేను ఇందాక గుర్తుపెట్టుకోమన్న జాబితాను ఇప్పుడు తలచుకోండి. ఒకనాడు న్యాయశాస్త్రం ఆడమనిషిని బరువులు మోసే పశువుల వరుసలో పెట్టి, నెలరోజులు పరీక్షించి చూసుకోమంది. ఈనాటి చట్టం అదే ఆడమనిషిని పీటమీద కూర్చోబెట్టి, వస్తువు మంచిదో కాదో నువ్వు చెప్పమ్మా అంది. మధ్యలో గడిచిన కాలం చాలా పెద్దది. కానీ ఆ తొమ్మిదిమందిలాంటి ఆడవాళ్ళు సంచీ భుజాన వేసుకొని దుకాణాల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరగకపోతే ఆ పీట మన ముందుకు నడిచి వచ్చేది కాదు.

చట్టం వచ్చాక అది ఎక్కడెక్కడికి పాకిందో కూడా చెప్తాను. 1995లో సుప్రీంకోర్టు పైసలు తీసుకొని చేసే వైద్యం కూడా ఈ చట్టం కిందికి వస్తుందంది. 2012 జనవరిలో మన రైతుల కేసు తేలింది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ దగ్గర విత్తనాలు కొని నష్టపోయామని ఆంధ్రప్రదేశ్ రైతులు ఫోరాలకెక్కారు. విత్తనాల చట్టం వేరే ఉంది, మీరు ఇక్కడికి రాకూడదని సంస్థ వాదించింది. రైతు కూడా వినియోగదారుడే, రావచ్చు అని సుప్రీంకోర్టు చెప్పింది. 1997–98లో పత్తి పురుగు కాటుకు, పనిచేయని మందులకు, అప్పులకు మా వరంగల్ జిల్లాలో ఎన్ని ఇళ్ళు కూలిపోయాయో చూసినవాళ్ళం మేము. ఆ తీర్పు విలువ మాకు తెలుసు. మంచి విత్తనమో కాదో తేల్చుకోవడానికి పది రోజులిచ్చిన పాత శ్లోకం కూడా ఆ రైతుల పక్షమే గదా!

2019లో రెండు సంగతులు జరిగాయి. ఫిబ్రవరిలో మా ములుగు జిల్లా అయింది. ఆగస్టులో కొత్త వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది, 2020 జూలై నుంచి అమల్లో ఉంది. పాత ఫోరాన్ని ఇప్పుడు జిల్లా కమిషన్ అంటున్నారు. పాత చట్టంలో, అమ్మినవారు ఉన్న చోటనో గొడవ పుట్టిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. హైదరాబాదులో కొంటే హైదరాబాదు తిరగాలి. కొత్త చట్టంలో మనం నివసించే చోటి కమిషన్‌లోనే వేయవచ్చు, ఇంటర్నెట్ మీద కూడా వేయవచ్చు. బస్సు ఎక్కవలసిన ఆడవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. మనం కట్టిన వెల 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు.

ఈ చట్టంలో ఇంకో రెండు ముక్కలున్నాయి, కొంగున ముడేసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం అన్యాయమైన వర్తకం. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, ఏ గడువూ రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కు తీసుకొని పైసలివ్వననడం కూడా అన్యాయమైన వర్తకమే. యాజ్ఞవల్క్యుని రోజుల లెక్క మళ్ళీ చట్టంలోకి వచ్చింది, చూశారా?

ఇక ఫ్రిజ్జు సంగతికి వద్దాం. మాటిమాటికీ ఎందుకు ఆగింది? తరవాత ఒక పెద్దాయన, ఈ పనిలో తలపండినవాడు, నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు. ఫ్రిజ్జులో గ్యాసు వాడుకుంటే అయిపోయే వంటగ్యాసు లాంటిది కాదు. మూసిన గొట్టాల్లో అదే గ్యాసు ఏళ్ళతరబడి తిరుగుతుంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టు. కారే చోటు వెతికి మూయకుండా మళ్ళీ మళ్ళీ గ్యాసు నింపడమంటే చిల్లికుండలో నీళ్ళు పోయడమే. రెండుసార్లు గ్యాసు నింపారని రాసి ఉన్న కాగితమే, లోపం మొదటి నుంచీ లోపలుందనడానికి సాక్ష్యం.

కానీ దుకాణానికి పోతే ఏమైంది? ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కా, దీనిమీద దుకాణం పేరే లేదు గదా" అన్నాడు. నిజమే, లేదు. సంతకం లేదు, ఫ్రిజ్జు నంబరు లేదు. రెండువేలు మిగుల్చుకున్నాననుకున్న నేను నా హక్కును రెండువేలకు అమ్ముకున్నాను. పైగా సర్కారుకు చేరవలసిన పన్ను ఎగ్గొట్టడంలో నేనూ భాగస్తురాలినే. దుకాణదారును ఒక్కణ్ణే తిట్టే నోరు నాకెక్కడిది?

నన్ను కాపాడినవి మెకానిక్ ఇచ్చిపోయిన గులాబీరంగు కాగితాలు. ప్రతిసారీ వచ్చినప్పుడు తేదీ, ఫ్రిజ్జు నంబరు, ఏం చేశాడో రాసి నా చేత సంతకం పెట్టించుకొని ఒక కాపీ ఇచ్చేవాడు. పాలచీటీల డబ్బాలో అవి మూడు దొరికాయి. వాటి నకళ్ళు జతచేసి, ఏ తేదీన ఏమైందో వరుసగా రాసి, కంపెనీకి రిజిస్టరు ఉత్తరం పంపాను. 15 రోజులు జవాబు లేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు రాయించాను. కంపెనీవారు మొదట "మీ ఊళ్ళో కరెంటు సరిగా ఉండదు" అన్నారు. స్టెబిలైజరు మొదటి రోజునే పెట్టామని దాని బిల్లు చూపించాను. అదృష్టవశాత్తు దానికి పక్కా బిల్లు ఉంది! అయిదు వారాలకు ఫ్రిజ్జు మార్చి ఇచ్చారు. కమిషన్ దాకా పోవలసిన పని పడలేదు.

మీకు ఇటువంటి కష్టం వస్తే ఏం చేయాలో నా అనుభవం మీద, చదివినదాని మీద చెప్తాను. పక్కా బిల్లు లేకుండా ఏదీ కొనకండి. దాని మీద వస్తువు నంబరు ఉందో లేదో అక్కడే చూడండి. గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర వేయించండి. ఈ కాగితాల మీద అచ్చు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది, అందుకని అదే రోజు ఫోటో తీసి పెట్టుకోండి. గ్యారంటీ కాలంలో తెలిసినవాడు గదా అని బయటి మెకానిక్ చేత విప్పించకండి, కంపెనీకి సాకు దొరుకుతుంది. మెకానిక్ వచ్చిన ప్రతిసారీ కాగితం అడిగి తీసుకోండి. ఫోనులో ఎంత చెప్పినా, ఒకసారి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని రోజులు పనిచేయలేదు, ఏం నష్టపోయారు అన్నది కోపం లేకుండా తేదీలతో రాయండి. మరమ్మతు కావాలా, కొత్త వస్తువు కావాలా, పైసలు వాపసు కావాలా అన్నది స్పష్టంగా అడగండి.

అప్పటికీ పని కాకపోతే, గొడవ పుట్టిన రెండేళ్ళలోపు కమిషన్‌కు పోవచ్చు. లోపం చూపుతో తేలకపోతే వస్తువును పరీక్షశాలకు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది. పరీక్ష అక్కరలేని కేసును మూడు నెలల్లో, అవసరమైనదాన్ని అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. వాస్తవంలో ఎక్కువకాలం పట్టడమూ ఉంది, దాచను. లోపం సరిచేయమని, వస్తువు మార్చి ఇవ్వమని, వెల వాపసు ఇవ్వమని, కలిగిన నష్టానికి పరిహారం కట్టమని కమిషన్ ఆదేశించగలదు.

ఆ చివరి మాట దగ్గర నేనొకటి ఒప్పుకోవాలి. చెడిపోయిన ఇన్సులిన్ ఖరీదు నేను అడగలేదు. అడగవచ్చునని నాకు తెలియదు. తెలిసేసరికి "ఫ్రిజ్జు వచ్చింది గదా, ఇంకెందుకులే" అన్నారు ఇంట్లో. ఈ 'ఇంకెందుకులే' అన్న మాట మనకు తల్లిపాలతో వచ్చింది. కూర చప్పగుంటే ఇంకెందుకులే, చీర రంగు పోతే ఇంకెందుకులే, తూకం తగ్గితే ఇంకెందుకులే. ఆ తొమ్మిదిమందీ అట్లాగే అనుకొని ఉంటే ఏమయ్యేది?

ఇప్పుడు మా వంటింటి తలుపు వెనక మేకుకు ఒక గుడ్డసంచీ వేలాడుతుంటుంది. గ్రైండరు బిల్లు, ఫ్యాను బిల్లు, కొత్త ఫ్రిజ్జు కాగితాలు, మా అత్తమ్మ మందుల చీటీలు అన్నీ అందులోనే. మొన్న మా అత్తమ్మ అంగడి నుంచి కుండ తెచ్చుకుంది. అలవాటుగా వేళ్ళతో కొట్టి చూసి, మంచిగుందని తేల్చుకొని, నా వైపు తిరిగి నవ్వుతూ, "దీనికి బిల్లు ఇయ్యలె బిడ్డా, ఏం జేద్దాం?" అంది. కుండకు చెవులతో పరీక్ష అయిపోయింది, బిల్లు అక్కరలేదన్నాను. మోగని వస్తువులకే కాగితం కావాలి.